తిరగబడ్డ ఇంటిపేరు

డేటా ఎంట్రీ పని అనగానే మూతి తిప్పే పిల్లలు మా మోరిస్‌విల్ చుట్టుపక్కల బోలెడంతమంది. మాస్టర్స్ చేసి వచ్చి ఈ పనేంటి ఆంటీ అంటారు. నేను పద్నాలుగేళ్ళు ఆ పనే చేశాను. అందులోనే రిటైరయ్యాను. అందులోనే ఒక కుటుంబానికి పూర్తిగా దిద్దలేని హాని కూడా చేశాను. ఒక కామా తప్పు చోట పెట్టాను, అంతే. దానివల్ల ఏమయిందో చెప్తాను, అయ్యేదాకా మూతులు మామూలుగా పెట్టుకుని వినండి.

ఎవరి పేర్లూ రాయను. కౌంటీ పేరు కూడా చెప్పను. నార్త్ కరోలినాలో మా ఇంటికి కారులో నలభై నిమిషాల దూరం అనుకోండి, చాలు. ఎప్పుడో చనిపోయిన ఒకాయన పేరు మాత్రం రాయక తప్పదు, గొడవంతా ఆ పేరుతోనే కాబట్టి. అది కూడా అసలు పేరు కాదు, అలాంటిదే ఇంకొకటి.

ఇక్కడికి రాకముందు నేను గుంటూరు జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. దస్తావేజులు, హద్దులు, ఈసీలు తప్ప నాకు వేరే లోకం లేదు. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చాక మూడేళ్ళు ఇంట్లో కూచుని గోడలు చూశాను. పని చేసుకోవచ్చని కాగితాలు చేతికొచ్చిన వారమే కౌంటీ భూముల రికార్డుల ఆఫీసుకి అప్లికేషన్ పెట్టాను. అది రెండువేల ఒకటి. ఇంటర్వ్యూ చేసింది అక్కడి డిప్యూటీ రిజిస్ట్రార్. నాకంటే పదేళ్ళు పెద్ద, అందరినీ ‘హనీ’ అని పిలిచే మనిషి. పాత దస్తావేజులు చదవగలవా అని అడిగింది. చదవడమే కాదు, ఏది దొంగదో వాసన కూడా పట్టగలను అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. రెండు వారాల్లో ఉద్యోగం వచ్చింది.

చేరిన రోజునే తిట్లు తిన్నాను. పాత పుస్తకం ఒకటి ముందు పెడితే, మా ఆఫీసులో పదకొండేళ్ళుగా చేసినట్టే వేలు నాలుకకి తడి చేసుకుని పేజీ తిప్పబోయాను. డిప్యూటీ నా మణికట్టు పట్టేసుకుంది. “హనీ, ఈ కాగితం నీకంటే నాకంటే పెద్దది. దానికి ఉమ్మి పూయకు” అంది. ఆ పాత సిరాలో ఇనుము ఉంటుందట. తడి తగిలితే పాకుతుంది, ఏళ్ళు గడిస్తే కాగితాన్నే తినేస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరాక మాత్రమే ముట్టుకోవాలి. నేర్చుకున్నాను. ఇప్పటికీ ఇంట్లో వారపత్రిక తిప్పేటప్పుడు కూడా వేలు నోటి దగ్గరికి పోదు.

ఆ పుస్తకాలంటే నాకు పిచ్చి పట్టింది. ఈ దేశం దేశంగా ఏర్పడిన కొత్తల్లో రాసినవి కూడా ఉన్నాయి. ఫలానా తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, వాగు వెంబడి ఎగువకి పోయి, గుర్తు చెక్కిన రాయి దగ్గర తూర్పుకి తిరిగి, అని హద్దులు రాసేవాళ్ళు. చదువుతుంటే మా దస్తావేజుల్లోని చెక్కుబందీయే అనిపించేది. తూర్పు ఫలానావారి మాగాణి, పడమర డొంక అని నేను రాయలేదూ. చెట్లు పోయాయి, వాగులు దారి మార్చుకున్నాయి, కాగితం ఒక్కటే సాక్ష్యం.

సాక్ష్యం ఉంటే సరిపోదు, దొరకాలి. దొరకడానికి ఇండెక్స్ కావాలి. అమెరికా అంతర్యుద్ధానికి ముందరి పుస్తకాల ఇండెక్స్ చీకిపోయి సగం పేజీలు లేకుండా ఉంది. ఒక్కో పుస్తకం తిరగేసి, అమ్మినవాళ్ళ పేరు, కొన్నవాళ్ళ పేరు కంప్యూటర్‌లో కొట్టమని ఆ పని నాకప్పగించారు. ముందు ఇంటిపేరు, తర్వాత కామా, తర్వాత సొంత పేరు. రెండేళ్ళు పట్టింది. అయ్యాక డిప్యూటీ అక్కడో పేజీ ఇక్కడో పేజీ తీసి సరిచూసింది. ఒక్క అక్షరం తప్పు దొరకలేదు. ఆ రోజు ఆఫీసులో కేక్ కోశారు. అప్పటినుంచి నేను దాన్ని కౌంటీ ఇండెక్స్ అని ఎప్పుడూ అనలేదు, నా ఇండెక్స్ అనేదాన్ని. అంత గీర.

తర్వాత కొన్నేళ్ళకి ఒక ఎండాకాలం ఖజానా గదిలో ఏసీ పైపు పగిలింది. ఆ గదిలోనే పాత పుస్తకాలన్నీ ఉండేవి. చాలావరకు కాపాడాం, ఒక పుస్తకం మాత్రం బాగా తడిసింది. ఆరాక చివరి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మైక్రోఫిల్మ్ తీసి చూస్తే సరిగ్గా ఆ పేజీలే నల్లగా పడి ఉన్నాయి. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, పాత కాగితాలు బాగుచేసే లాబ్‌కి పంపేవాటి వరసలో పెట్టారు. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అంటూ అది ఆ గుడ్డలోనే ఉండిపోయింది.

రెండువేల పదకొండులో ఒక పెద్దావిడ మా కౌంటర్‌కి వచ్చింది. నల్లజాతి ఆవిడ, డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్ నడిపి రిటైరయింది. హైవే పక్క అడవిలో వాళ్ళ కుటుంబం శ్మశానం ఉంది. ఆరు తరాలవాళ్ళు అక్కడున్నారు, వాళ్ళమ్మతో సహా. ఇప్పుడు ఆ అడవంతా ఒక కంపెనీ కొనేసింది, ఇళ్ళు కట్టడానికి. శ్మశానం ఆ కుటుంబానిదే అని కాగితం ఉంటే దాన్ని ముట్టుకోలేరు. లేకపోతే వారసులకి నోటీసిచ్చి, సమాధులు తవ్వి, ఊరి బయట పెద్ద శ్మశానానికి మార్చేసుకోవచ్చు.

“మేం హెన్రీలం. మా ముత్తాతకి తాత లూయిస్ హెన్రీ. ఆ కాగితం ఆయన మీ ఆఫీసుకే తెచ్చి పుస్తకంలో రాయించాడు. చూడండి మేడమ్” అంది.

హెన్రీ ఇంటిపేరు కింద వెతికాను. చాలామంది హెన్రీలు వచ్చారు, లూయిస్ లేడు. ఇంకోసారి వెతికాను. లేడు.

“కాగితం ఉంది” అంది ఆవిడ.

“ఉంటే నా ఇండెక్స్‌లో ఉండేది” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు బాగా గుర్తు. అలాంటి రికార్డు ఏదీ మా ఆఫీసులో లేదని సర్టిఫికెట్ టైప్ చేసి, సంతకం పెట్టి, సీల్ వేసి ఇచ్చాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, మడవకుండా పట్టుకుని వెళ్ళిపోయింది. నేను లంచ్ డబ్బా తెరుచుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి, తలుపులు తీయగానే ఆవిడే వచ్చింది. నల్ల గౌను, టోపీ. చర్చికి వెళ్ళే బట్టలు. పోయినసారి కౌంటర్ మీద మోచేతులు ఆనించి మాట్లాడిన మనిషి ఆ రోజు దూరంగా నిలబడింది.

“ఆ సర్టిఫికెట్ కాపీ ఇంకొకటి కావాలి. మా తమ్ముడి కొడుకు నమ్మడం లేదు. పది గంటలకి తవ్వడం మొదలుపెడతారు, వాడు అక్కడికొచ్చి గొడవ చేస్తాడేమోనని భయంగా ఉంది. ఇది చూపిస్తే ఊరుకుంటాడు.”

కాపీ మెషీన్ ఆన్ చేశాను. ఏదో ఒకటి మాట్లాడాలని, ఒప్పుకున్నారా మీరు అని అడిగాను.

“మీ ఆఫీసే కాగితం లేదంటుంటే నేనెవరిని కాదనడానికి. సంతకం పెట్టేశాను. మా నానమ్మ వింటే నన్ను చంపేసేది. ఆ ముసలాయన మొదట్లో ఉట్టి లూయిస్. బానిసగా ఉన్నప్పుడు ఇంకో పేరు ఎవరిస్తారు? విడుదలయ్యాక హెన్రీ అని తనే పెట్టుకున్నాడు. భూమి అమ్మేటప్పుడు గుమాస్తా లూయిస్ అని మాత్రమే రాస్తే, రెండో పేరు రాసేదాకా సంతకానికి బదులు పెట్టే గుర్తు పెట్టనన్నాడట. నానమ్మ ఈ సంగతి ప్రతి ఈస్టర్‌కీ చెప్పేది. ఉత్త కథేమోలే మేడమ్.”

కాపీ తీసుకుని వెళ్ళింది. టైము ఎనిమిదీ పదిహేను.

అయిదు నిమిషాలకి మా కౌంటీ ఐటీలో పనిచేసే అమ్మాయి ప్రింటర్ బాగు చేయడానికి వచ్చింది. వరంగల్ పిల్ల. ఇక్కడే మాస్టర్స్ చేసి ఉద్యోగంలో చేరి ఏడాదయింది. మా ఇండెక్స్ సాఫ్ట్‌వేర్ చూసుకునేది కూడా తనే. నా మొహం చూసి ఏమైంది ఆంటీ అంది. చెప్పాను.

“నేమ్ ఫీల్డ్స్ స్వాప్ చేసి సెర్చ్ చేసిండ్రా ఆంటీ?”

“అంటే?”

“అంటే లూయిస్‌ని లాస్ట్ నేమ్ చేసి, హెన్రీని ఫస్ట్ నేమ్ చేసి. మనోళ్ళకి గట్లనే అయితది గద. నా యూనివర్సిటీ ఐడీ మీద మా ఇంటిపేరే ఫస్ట్ నేమ్ పడ్డది. రెండేండ్లు ప్రొఫెసర్లందరు నన్ను మా తాతల ఊరి పేరుతోని పిలిచిండ్రు. రెండు పేర్లు ఒక్క తీరుగ ఉంటే ఏది ముందో ఎవరికి తెలుస్తది?”

నాకు ఒళ్ళు మండింది. “ఆ ఇండెక్స్ చేసింది నేను. నువ్వు అప్పటికి హైస్కూల్లో ఉండుంటావు. నాకు ఇంటిపేరేదో సొంత పేరేదో తెలియదా? ముందు ఆ ప్రింటర్ సంగతి చూడు” అన్నాను. ఆ పిల్ల ప్రింటర్ బాగు చేసి, వస్తా ఆంటీ అని వెళ్ళిపోయింది.

నేను టపా విప్పాను. ముద్రలు వేశాను. కాఫీ కలుపుకున్నాను. అదంతా చేస్తూనే ఉన్నాను గానీ లోపల ఒక మూల ఆ పిల్ల మాట గుచ్చుకుంటూనే ఉంది. లూయిస్. హెన్రీ. రెండూ సొంత పేర్లలాగే ఉంటాయి, రెండూ ఇంటిపేర్లుగానూ ఉంటాయి. అలాంటి పేరు కనబడితే రెండేళ్ళపాటు రోజుకి వందల పేర్లు కొట్టిన నా చెయ్యి ఏం చేసి ఉంటుంది? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముందు రాసేది ఇంటిపేరు, తర్వాత రాసేది సొంత పేరు. స్కూల్లో అటెండెన్స్ రిజిస్టర్ నుంచి మా పెళ్ళి శుభలేఖ దాకా అంతే. వీళ్ళ పద్ధతి బుర్రకి తెలుసు. అలిసిపోయిన చేతికి ఎవరు చెప్పారు?

కాఫీ కప్పు పక్కన పెట్టి కూచున్నాను. ఇంటిపేరు గడిలో లూయిస్ కొట్టాను. సొంత పేరు గడిలో హెన్రీ కొట్టాను.

వచ్చింది. ఒక్కటే ఎంట్రీ. పుస్తకం నంబరు, పేజీ నంబరు, అమ్మినవారు అని. కింద నేను కొట్టిన తేదీ. గోడ మీద గడియారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

డిప్యూటీ గదిలోకి పరిగెత్తాను. పరిగెత్తడం అంటే నిజంగానే, యాభై ఏళ్ళ మనిషిని, చీలమండ నెప్పితో. తవ్వే పని చూసే ఫోర్‌మన్ నంబరు ఫైల్‌లో ఉంటే ఆవిడే ఫోన్ చేసింది. అతను మర్యాదగానే మాట్లాడాడు. “మేడమ్, రికార్డు లేదని మీ ఆఫీసు సీల్ వేసిన కాగితం నా చేతిలో ఉంది. ఉందని సీల్ వేసిన కాగితం తెండి, ఆపేస్తాను. ఫోన్‌లో చెబితే ఆపలేను.” పెద్దావిడ సెల్‌ఫోన్‌కి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కౌంటీ లాయరు కోర్టులో వాదిస్తున్నాడు, మధ్యాహ్నం దాకా బయటికి రాడన్నారు.

“పేజీ చూడకుండా నేను సర్టిఫై చెయ్యలేను. ఏ పుస్తకం?” అంది డిప్యూటీ.

నంబరు చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. అది గుడ్డలో చుట్టిన పుస్తకం. అతుక్కుపోయిన చివరి పేజీల్లోనే ఉంది మాకు కావలసింది.

“హనీ, దాన్ని లాబ్‌లో తప్ప తెరవకూడదు. లాగితే సిరాతో సహా పైపొర ఊడొస్తుంది. అప్పుడు ఆ ముసలావిడకి కాగితం ఎప్పటికీ ఉండదు. ఇవాళ కాకపోతే రేపు కూడా ఉండదు.”

“ఇవాళ తెరవకపోతే రేపటికి సమాధులుండవు. తప్పు నాది. పేరు తిరగేసి కొట్టాను. లేదని సంతకం పెట్టిందీ నేనే” అన్నాను.

ఆవిడ నన్ను అలాగే చూసింది. ఇంక తిడుతుందనుకున్నాను. లేచి, ఉంగరాలు తీసి డ్రాయర్‌లో పెట్టి, సింక్ దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. నేనూ పక్కన నిలబడి కడుక్కున్నాను.

అతుక్కున్న పేజీలు విడదీయడానికి ఒకటే మార్గం. నీళ్ళు తగలకుండా ఆవిరి మాత్రమే తగిలేలా చేసి, కాగితం మెత్తబడేదాకా ఆగడం. తడి అద్దుడు కాగితం, దాని మీద ఆవిరిని తప్ప నీటిని పోనివ్వని ఒక రకం గుడ్డ, దాని మీద పేజీలు, పైన ప్లాస్టిక్ షీటు. అంతవరకు పది నిమిషాల పని. తర్వాత చేయడానికి ఏమీ ఉండదు, అదే ప్రాణం తీస్తుంది. తొందరపడి తడి పెంచితే సిరా పాకుతుంది. తక్కువైతే కాగితం చిరుగుతుంది. పది నిమిషాలకోసారి మూల ఎత్తి, తెల్ల కాగితం ముక్క ఆనించి, గోధుమరంగు అంటిందేమో చూసుకోవాలి.

తొమ్మిదింపావు. మూల కదల్లేదు. తొమ్మిదిన్నర. గోరంత కదిలింది. డిప్యూటీ వద్దని తల ఊపింది. మా ఊరి ఆఫీసులో దస్తావేజు రాయించుకునేవాళ్ళు బెంచీ మీద కూచుని గంటలు గంటలు ఎదురుచూసేవాళ్ళు. వాళ్ళని చూసి విసుక్కునేదాన్ని. ఆ గది గడియారం ముల్లు చూస్తూ నిలబడితే వాళ్ళు పడ్డదేమిటో అర్థమయింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను, ముందుంటే పేజీ లాగేస్తాయేమోనని, నా మీద నాకే నమ్మకం లేక.

తొమ్మిదీ ముప్పావుకి ఎముకతో చేసిన సన్నటి పలక ఒకటి తీసుకుని డిప్యూటీ పేజీల మధ్యకి జొప్పించింది. వెంట్రుకవాసి చొప్పున జరిపింది. ఒకచోట టప్‌మని చిన్న చప్పుడయింది. సిరా లేని అంచు, అర అంగుళం చిరిగింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. పదీ అయిదు నిమిషాలకి పేజీ విడిపోయింది.

చదవడం నా వంతు. రాత చక్కనిదే, సిరా గోధుమరంగుకి తిరిగింది. లూయిస్ హెన్రీ, విడుదల పొందిన నల్లజాతి మనిషి, ఫలానా వాగు పక్క తన ముప్పై ఎకరాలు ఫలానావారికి అమ్ముతున్నాడు. గుర్తు చెక్కిన రాయి దగ్గర మొదలైన హద్దు నాలుగు మలుపులు తిరిగి మళ్ళీ ఆ రాయి దగ్గరికే వచ్చింది. దాని కింద, నేను వెతుకుతున్న మాట. తన భార్యను పాతిన అర ఎకరం ఈ అమ్మకంలోంచి మినహాయించడమైనది. అది తనకూ తన వాళ్ళకూ పాతిపెట్టుకోవడానికి శాశ్వతంగా ఉంటుంది, ఎవరూ దున్నరాదు, ఎవరూ అమ్మరాదు.

చివర సంతకం. ఆయనకి రాయడం రాదు. గుమాస్తా లూయిస్ అని రాసి, కొంచెం జాగా వదిలి, హెన్రీ అని రాశాడు. ఆ రెండు పేర్ల మధ్య ఇంటూ గుర్తు, దాని పైనా కిందా చిన్న అక్షరాల్లో ఆయన గుర్తు అని. పేరు పూర్తిగా రాసేదాకా గుర్తు పెట్టనని పట్టుబట్టిన మనిషి. ఒక్క పేరుతో పెరిగి, రెండో పేరు తనకి తనే సంపాదించుకున్న మనిషి. ఆయన గుర్తు పెట్టిన చోటే నేను కామా పెట్టాను. ఆయన ఇంటిపేరు తీసి ఒంటిపేరు చేసి, బానిసప్పటి పేరు తెచ్చి ఇంటిపేరు చేశాను. నాకు ఏడుపొచ్చింది. డిప్యూటీ నన్ను మోచేత్తో పుస్తకానికి దూరంగా తోసింది, కన్నీళ్ళు కూడా నీళ్ళే కదా.

ఫొటో తీసి, ప్రింట్ చేసి, ఆవిడ సర్టిఫై చేసి సీల్ వేసేసరికి పదీ ఇరవై. కారు నేనే తీశాను. ఇరవై అయిదు నిమిషాల దారి. ఎర్ర లైట్ల దగ్గర తెలుగులో తిట్టాను, పక్కన కూచున్న డిప్యూటీకి అర్థమయ్యే ఉంటుంది.

అడవిలోకి కొత్తగా మట్టిరోడ్డు వేశారు. చివర పసుపు రంగు యంత్రం, నలుగురు మనుషులు, ఒక తెల్ల టెంట్. పెద్దావిడ మడత కుర్చీలో కూచుని ఉంది. పక్కన నిలబడ్డ కుర్రాడు, వాళ్ళ తమ్ముడి కొడుకే అయుంటాడు, చేతులు కట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. డిప్యూటీ నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి కాగితం ఇచ్చింది. అతను రెండుసార్లు చదివి, చెయ్యెత్తాడు. యంత్రం ఆగిపోయింది.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి ఇంకో కాపీ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకుని, వేలితో ఒక్కో మాటా పట్టుకుంటూ చదివింది. హెన్రీ దగ్గర వేలు ఆగింది.

“ఎక్కడుంది ఇది?”

“మా దగ్గరే ఉంది. నేను పేరు తిరగేసి రాశాను. అందుకే దొరకలేదు. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు” అన్నాను.

ఆవిడ టెంట్ వైపు చూసింది. అప్పుడు చూశాను. టెంట్ కింద కొత్త చెక్కపెట్టె ఒకటి ఉంది. అవతల, గడ్డిలో ఒకే ఒక గుంట.

“కొత్త సమాధితో మొదలుపెట్టారు. మా అమ్మని తీసి పావుగంటయింది” అంది.

తిడితే బాగుండేదనిపించింది. డిప్యూటీ తర్వాత కారులో, పేజీలకి పట్టే టైము పట్టింది హనీ, దానికి మనమేం చెయ్యగలం అంది. పేజీల టైము పేజీలకి పట్టింది, నిజమే. కానీ ఆ పిల్ల నాకు దారి చూపించింది ఎనిమిదీ ఇరవైకి. నేను వెతికింది తొమ్మిదికి పది నిమిషాల ముందు. మధ్యలో ముద్రలు వేశాను, కాఫీ తాగాను, నా ఇండెక్స్‌లో తప్పుండదని కూచున్నాను. ఆ అరగంట లెక్క నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

ఆ శుక్రవారం వాళ్ళమ్మని అదే చోట మళ్ళీ పెట్టారు. నేనూ వెళ్ళాను, వెనక వరసలో నిలబడ్డాను. కంపెనీ ఆ అర ఎకరానికి కంచె వేసి, ఇళ్ళు దూరంగా కట్టుకుంది. నా ఫైల్‌లో ఒక మందలింపు ఉత్తరం చేరింది, డిప్యూటీయే రాసింది, న్యాయంగానే రాసింది. ఐటీ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళి, నువ్వు చెప్పిందే నిజం అమ్మా, నేనే నోరు పారేసుకున్నాను అన్నాను. “అయ్యో, గట్లనకండి ఆంటీ” అని ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. తర్వాత ఇద్దరం కూచుని, రెండు పేర్లూ ఒక్క తీరుగా ఉన్న ఎంట్రీలన్నీ సాఫ్ట్‌వేర్‌తో ఏరి, ఒక్కొక్కటే పుస్తకంతో పోల్చాం. తిరగబడ్డవి ఇంకా దొరికాయి. వాటికోసం ఎవరైనా వచ్చి నా చేత లేదనిపించుకుని వెళ్ళారేమో, పాత ఫైళ్ళన్నీ చూశాను. ఎవరూ కనబడలేదు. నోటిమాటగా అడిగి వెళ్ళినవాళ్ళ సంగతి ఏ ఫైల్‌లో ఉంటుంది?

లూయిస్ హెన్రీ ఎంట్రీని మాత్రం అప్పుడే దిద్దలేదు. పెద్దావిడ వస్తానని కబురు పంపింది, తను చూస్తుండగా దిద్దాలట. తరువాతి సోమవారం వచ్చింది. కౌంటర్ లోపలికి బయటివాళ్ళని రానివ్వకూడదు. తలుపు తీసి లోపలికి తీసుకొచ్చి, నా పక్కన కుర్చీ వేశాను. ఎంట్రీ తెరిచాను. తెర మీద లూయిస్, కామా, హెన్రీ.

నేను కీబోర్డ్ మీద చేతులు పెట్టాను.

“మీరు వద్దు. లేవండి” అంది.

రికార్డులో మా సిబ్బంది తప్ప ఇంకెవరూ ఒక్క అక్షరం కూడా కొట్టకూడదు. అటు పదకొండేళ్ళు, ఇటు పదేళ్ళు, నేను ఒక్కసారి కూడా ఆ రూలు దాటలేదు. లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆవిడ చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ హెన్రీ అని కొట్టింది. కామా ఎక్కడుందని అడిగింది, చూపించాను. తర్వాత లూయిస్ కొట్టింది. సేవ్ బటన్ నొక్కి, హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ ఎంట్రీ ఇప్పటికీ ఉంది. దిద్దినవారు అన్న గడిలో కంప్యూటర్ దానంతటదే నా ఇనీషియల్స్ వేసింది. అది తప్పు. అని తెలిసి కూడా, రిటైరయ్యేదాకా నేను ఆ ఒక్క తప్పూ దిద్దలేదు.